బొటనవేలి పలక

గాజును సానపట్టే ఆ కార్ఖానాలో కాలితో తొక్కి తిప్పే చక్రాలు నాలుగు ఉండేవి. మొదటి చక్రం మీద ముతక ఇసుక పోసేవారు. రెండో దాని మీద సన్న ఇసుక. మూడో దాని మీద పిండిలాంటి ఇసుక. నాలుగోది ఉన్ని చక్రం, దానికి ఎర్రటి మెరుగుపొడి నీళ్ళలో కలిపి పూసేవారు. మసకగా, గరుకుగా వచ్చిన గాజుముక్క ఈ నాలుగూ దాటేసరికి చేతిలో ఉందో లేదో తెలియనంత తేటగా తయారయ్యేది.

నాలుగు చక్రాల దగ్గరా ఒకే మనిషి కూచునేది. ఊళ్ళో ఆమెను చక్రాలామె అనేవారు. వయసు ముప్పై నాలుగు. పదహారేళ్ళుగా అదే పీట, అదే పని. కార్ఖానా మేస్త్రి వజ్రపు ములికితో గాజు మీద గీత గీసి, కింద వేలితో తట్టి, చిటుక్కున విరిచి ఇచ్చేవాడు. ఆయన పని అక్కడితో సరి. కత్తిలా విరిగిన ఆ అంచును మనిషి ముట్టుకోగలిగేలా చేసేది చక్రాలామె. ఊళ్ళో ఎవరు అద్దంలో బొట్టు చూసుకున్నా, ఎవరు కళ్ళజోడు తుడుచుకున్నా, ఏ వసారాలో దీపపు చిమ్నీ వెలిగినా, ఆమె చెయ్యి పడనిది లేదు.

చేతులకు తొడుగులు వేసుకుంటే ఈ పని కుదరదు. గాజు ఎక్కడ ఎత్తుగా ఉందో, ఎక్కడ పల్లంగా ఉందో వేలికే తెలియాలి. నీళ్ళు కారుతున్న చక్రం మీద పలకను బోర్లించి, రెండు బొటనవేళ్ళతో అదిమిపట్టి తిప్పుతూ ఉండాలి. ఇసుక గాజును తింటుంది. పక్కనే ఉంది కాబట్టి వేలిని కూడా తింటుంది. ఆ సంగతి చక్రాలామెకు తెలుసు. తెలిసినా అదొక పెద్ద విషయం అని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. వేళ్ళు నున్నబడితే ఏం పోయింది, అన్నం కలుపుకోవడానికి చాలు కదా అనుకునేది.

ఇలా ఉండగా ఆ ఊరి దొరకు ఒకనాడు అనుమానం పుట్టింది. మేడ మీద నిలబడి చూస్తే బజారు నిండా జనం. వీళ్ళలో నిజంగా ఊరివాళ్ళెవరు, ఊరికే వచ్చి చేరినవాళ్ళెవరు? పేరు అడిగితే ఎవడైనా ఏ పేరైనా చెప్తాడు. మొహాలు గుర్తుపెట్టుకుందామంటే ఏడాదికోలా మారిపోతాయి. పైగా ఇన్ని మొహాలు గుర్తుపెట్టుకునేంత ఓపిక దొరకు లేదు. అందుకని చాటింపు వేయించాడు.

ఊళ్ళో ప్రతి మనిషీ కచేరీకి వచ్చి, బొటనవేలికి మసి రాసుకుని, గాజు పలక మీద అద్దాలి. ఆ పలక మీద కాగితం పరిచి ముద్రను పుస్తకంలోకి ఎత్తుతారు. గీతలు పడినవాళ్ళు ఊళ్ళో ఉన్నవాళ్ళు. గీతలు పడనివాళ్ళు లేనివాళ్ళు. లేనివాళ్ళు అమావాస్య నాడు పొలిమేర డప్పు మోగేలోగా ఊరు దాటిపోవాలి. ఒకడే నాలుగుసార్లు వచ్చి నలుగురిగా చలామణీ కాకుండా, ఒకే రకం గీతలు ఎన్ని పేజీల్లో కనపడినా అదంతా ఒకే మనిషి అని కూడా రాయించాడు. కింద తన రాజముద్ర వేశాడు.

పలక తయారుచేసే పని కార్ఖానాకు వచ్చింది. మేస్త్రి ఉబ్బిపోయాడు. చక్రాలామె కూడా కొంచెం ఉబ్బింది, ఆ మాట దాచిపెట్టి లాభం లేదు. పలక అంతా ఒక్కలా చదునుగా లేకపోతే ముద్ర అలుక్కుపోతుందని గుమాస్తా చెప్పి వెళ్ళాడు. ఆమె మైనం పెన్సిలుతో పలక మీద గళ్ళు గీసింది. చక్రం మీద తిప్పి తీసి చూస్తే ఎత్తున్న చోట గళ్ళు చెరిగేవి, పల్లంగా ఉన్నచోట ఉండిపోయేవి. మళ్ళీ గీసేది, మళ్ళీ తిప్పేది. గళ్ళన్నీ ఒకేసారి చెరిగిపోయేదాకా ఒక్కో చక్రం మీద అలాగే చేసింది. ఇరవై ఒక్క రోజులు పట్టింది. పలక మీది గరుకూ ఆమె వేళ్ళ మీది చివరి గీతలూ ఒకే నీళ్ళలో కలిసి, ఒకే తూములోంచి బయటికి పోయాయి.

ముద్రలు వేసే రోజు ఆమె ఉతికిన చీర కట్టుకుని వెళ్ళింది. వరస కచేరీ మెట్ల నుంచి సంత వీధిదాకా ఉంది. ఆమె ముందు చేపల బుట్టతో ఒకామె, వెనక ఇద్దరు తోడికోడళ్ళు. అక్కడ బల్ల మీద ఉన్న పలకను చూసి తోడికోడళ్ళలో చిన్నది, అమ్మో, అక్కడ ఏమీ లేనట్టే ఉందక్కా, గాలి మీద వేలు పెడుతున్నట్టుంది అంది. చక్రాలామె వెనక్కి తిరిగి, అది నేను చేసిందే అని చెప్పింది. అడగకుండానే చెప్పింది. అలా చెప్పుకోవడం ఆమెకు అలవాటు లేదు.

తన వంతు వచ్చింది. మసి రాసుకుంది, అద్దింది. ముద్రల గుమాస్తా కాగితం పరిచి ఎత్తి చూశాడు. కాగితం మీద గుండ్రటి నల్లటి మచ్చ పడింది. అంతే. గీత లేదు.

సరిగ్గా అద్దమన్నాడు. అద్దింది. రెండో వేలు వెయ్యమన్నాడు. వేసింది. చేపలామె వెనక్కి తిరిగి వచ్చి, బూడిదతో రుద్దుకుని రా అమ్మా అని సలహా ఇచ్చింది. రుద్దుకుని వచ్చింది. తోడికోడళ్ళలో పెద్దది, అంట్లు మరీ అంత శ్రద్ధగా తోమకూడదే తల్లీ అంది. చుట్టూ నవ్వారు. చక్రాలామె కూడా నవ్వింది. పదిసార్లు అద్దాక, పది నల్ల మచ్చలు పడ్డాక, నవ్వు ఆగిపోయింది.

"ఇక్కడ ఎవరూ లేరు," అన్నాడు గుమాస్తా. ఆ మాట ఆమెతో అనలేదు, పక్కన రాసుకునే వాడితో అన్నాడు.

"నేనున్నాను కదా బాబూ. నీ ఎదురుగా నిలబడ్డాను."

"నిలబడితే సరిపోదమ్మా. పడాలి."

ఆమె తన పేరు చెప్పింది. తల్లి పేరు, తండ్రి పేరు, ఇల్లు ఏ వీధిలోనో చెప్పింది. గుమాస్తా రాసుకోలేదు. పుస్తకంలో పేరు రాసే గడి లేదు. అప్పుడు ఆమె ఇంక ఆగలేక, ఆ పలక సానపట్టింది నేనే అంది.

గుమాస్తా మొదటిసారి తలెత్తి ఆమె మొహం చూశాడు. చెడ్డవాడు కాదు, మెచ్చుకోవలసింది మెచ్చుకునే రకం. "బ్రహ్మాండంగా పట్టావు," అన్నాడు. "అందుకే నువ్వు లేవని ఇంత స్పష్టంగా తెలుస్తోంది."

లేనివాళ్ళ కోసం వేరే చీటీ ఉంది. దాని మీద ఆమె నల్ల మచ్చను అతికించాడు. ఆ చీటీ మీద అప్పటికే చాలా మచ్చలున్నాయి. సున్నం బట్టీల దగ్గరివాళ్ళు, బండలు కొట్టేవాళ్ళు, ముప్పై ఏళ్ళు బట్టలు ఉతికిన ముసలమ్మ ఒకామె. అందరూ మెట్ల కింద వేళ్ళు చూసుకుంటూ కూచుని ఉన్నారు. ఊళ్ళో ఎవరెవరు ఒళ్ళు వంచారో తెలుసుకోవాలంటే ఆ చీటీ చూస్తే చాలు. కానీ దాన్ని అలా చదివేవాడు కచేరీలో ఒక్కడూ లేడు.

ఆమె కార్ఖానాకు వచ్చి మేస్త్రికి చెప్పింది. మేస్త్రి ముద్ర మొదటిసారే పడింది. వజ్రపు ములికి పట్టుకునే చేతికి గీతలు అరగవు మరి. ఆయన నొచ్చుకున్నాడు. వేలికి విశ్రాంతి ఇస్తే రెండు నెలల్లో గీతలు మళ్ళీ మొలుస్తాయట అన్నాడు. అమావాస్య పన్నెండు రోజుల్లో ఉందని ఆమె గుర్తుచేసింది. నిజమే అన్నాడు. అయినా ఇవాళ్టి నుంచే పని మానెయ్యమ్మా, ఎంత మొలిస్తే అంత అన్నాడు. అని, మళ్ళీ తనే, ఒడ్డు వీధి డాక్టరుగారి కళ్ళజోడు అద్దాలు రెండున్నాయి, అవి మాత్రం చేసేసి మానెయ్యి అన్నాడు.

చేసింది. ఎందుకు చేశానా అని తర్వాత చాలాసార్లు తనను తాను తిట్టుకుంది.

అప్పటి నుంచి ఆమె నెమ్మదిగా లేకుండా పోవడం మొదలుపెట్టింది. చేతిపంపు దగ్గర కాపలావాడు, ఉన్నవాళ్ళు పట్టుకున్నాక మిగిలితే చూద్దాం అన్నాడు. బియ్యం కొట్టు వాడు ఆమెను దాటి వెనకవాళ్ళ సంచీ అందుకున్నాడు. పదహారేళ్ళుగా పక్కింట్లో ఉంటున్న మనిషి ఎదురుపడితే, పలకరించాలో వద్దో తెలియక చెప్పు సర్దుకుంటున్నట్టు వంగింది. ఎవరూ ఆమెను తిట్టలేదు. తిడితే బాగుండేది. తిట్టాలంటే అవతల ఒక మనిషి ఉండాలి కదా.

విచిత్రం ఏమిటంటే మేస్త్రి మానెయ్యమన్న పని మాత్రం ఆగలేదు. పొద్దున్నే గాజులు వచ్చేవి. అంచులు నున్నగా అయ్యేవి. సాయంత్రానికి పట్టుకుపోయేవారు. నీళ్ళకు లేని మనిషి, బియ్యానికి లేని మనిషి, పలకరింపుకు లేని మనిషి, చక్రం దగ్గర మాత్రం ఉంది. ఈ ముక్క ఆమెకు ఒక మధ్యాహ్నం పీట మీద కూచుని ఉండగా అర్థమైంది. అర్థమయ్యాక ఒంట్లో ఏదో సలసలా కాగడం మొదలైంది. ఆ కాగుడు మళ్ళీ చల్లారలేదు.

అమావాస్య ఇంక ఆరు రోజులుందనగా ముద్రల గుమాస్తా స్వయంగా కార్ఖానాకు వచ్చాడు. పట్టుగుడ్డలో పలక ఉంది. విప్పితే చూడబుద్ధి కాలేదు. వేల వేళ్ళు పడి, మసి ఇంకి, ఇసుక చేతులతో అద్దినవాళ్ళ గీరలు పడి, పొగబారిన కన్నులా ఉంది. దీనివల్ల పుస్తకంలో ముద్రలన్నీ అలుక్కుపోయాయట. దొరకు కోపం వచ్చి పుస్తకం మొత్తం పొయ్యిలో పెట్టించాడట. కొత్త పుస్తకం కుట్టించారు, రేపు పొద్దున్నుంచి ఊరంతా మళ్ళీ వెయ్యాలి అన్నాడు గుమాస్తా.

చక్రాలామెకు ప్రాణం లేచివచ్చింది. "అయితే మా చీటీ కూడా పోయినట్టేగా?"

గుమాస్తా మేస్త్రి వైపు తిరిగి జవాబిచ్చాడు. ఉన్నవాళ్ళ పుస్తకమే కాలింది, లేనివాళ్ళ చీటీ పదిలంగా ఉంది, అది విడిగా పెట్టాం అన్నాడు.

పలకకు ఎన్ని రోజులు పడుతుందని మేస్త్రి ఆమెను అడిగాడు. గీరలు లోతుగా ఉన్నాయి, మొదటి చక్రం నుంచి మొదలుపెట్టాలి, ఎంత తొందరపడ్డా తొమ్మిది రోజులు అంది. అంత టైము లేదు, మధ్యాహ్నానికి కావాలి అన్నాడు గుమాస్తా. మొదటి చక్రం మీద గీరలు తీసేసి, తిన్నగా నాలుగో చక్రం మీద మెరుగు పెట్టెయ్యమన్నాడు. మధ్యలో రెండు చక్రాలు ఎందుకూ, చూడ్డానికి ఒకలాగే ఉన్నాయి అన్నాడు.

ఆమె చెప్పింది. ముతక ఇసుక గీరలు తీస్తుంది కానీ తన గీతలు తాను పెడుతుంది. వాటిని సన్న ఇసుక తియ్యాలి, దాని గీతల్ని పిండి ఇసుక తియ్యాలి. అవి తియ్యకుండా మెరుగు పెడితే పైన మాత్రం మెరుస్తుంది, లోపల చక్రం గీతలు అలాగే ఉంటాయి. తడిగా ఉన్నప్పుడు ఏమీ కనపడదు. ఆరాక, మసి పడ్డాక తెలుస్తుంది. ఈ మాట మూడుసార్లు, మూడు రకాలుగా చెప్పింది.

"నీ మాట నేను వినకూడదమ్మా," అన్నాడు గుమాస్తా, కొంచెం జాలిగానే. "చీటీ ప్రకారం నువ్వు లేవు. లేని మనిషి మాట విని దొర పని ఆపానని తెలిస్తే నా ఉద్యోగం ఊడుతుంది."

"మరి ఈ పని చేసేదెవరు?"

"కార్ఖానా చేస్తుంది."

ఆమె మేస్త్రి వైపు చూసింది. ముప్పై ఏళ్ళు గాజుతో బతికిన మనిషి, ఆయనకు తెలియదా? ఆయన వజ్రపు ములికిని గుడ్డతో తుడుస్తున్నాడు. చాలాసేపు తుడిచాడు. కచేరీవారు చెప్పినట్టు చేసెయ్యమ్మా అన్నాడు చివరికి.

సరే అనుకుంది. చెప్పింది చెప్పినట్టే చేసింది. అందులో కుట్ర లేదు, దొంగ పనితనం లేదు. ముతక చక్రం మీద పలకను బోర్లించి, రెండు బొటనవేళ్ళతో అదిమి, ఎప్పట్లాగే వంపుగా తిప్పింది. గీరలు పోయాయి. వాటి స్థానంలో చక్రం గీతలు వచ్చాయి, ఒక దాని లోపల ఒకటి, సన్నగా, వంకరగా. కడిగి ఉన్ని చక్రం మీద పెట్టింది. మధ్యాహ్నానికి పలక నీళ్ళు కారుతూ తళతళలాడింది. ఆరనివ్వండి, ఆరాక ఏటవాలుగా ఎండలో పట్టి చూడండి అని ఆమె అంటూనే ఉంది. గుమాస్తా తడిపలకను అలాగే పట్టుగుడ్డలో చుట్టుకుని, ఇంత చిన్న పనికి తొమ్మిది రోజులట అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు ముద్రలు మళ్ళీ మొదలయ్యాయి. అందరూ పలక నడుమ ఒకే చోట అద్దేవారు. మసి వేలి నుంచి పలక మీదికి, పలక నుంచి దాని గీతల్లోకి దిగింది. గుడ్డతో తుడిస్తే పైమసి పోయేది. లోపలిది పోయేది కాదు. కాగితం పరిచి ఎత్తితే ఆ గీతలే నల్లగా, పొంకంగా లేచి వచ్చేవి. మనిషి గీతలు వాటి కింద ఎక్కడో నలిగిపోయేవి. ఎంత బాగా పడుతున్నాయో అని గుమాస్తా మురిసిపోయాడు. గీతలు ఉన్నాయా లేవా అన్నదే ఆయన చూడాలి. అవి ఎవరివి అన్నది ఆయన పని కాదు. ఒక్క ముద్రనైనా ఇంకొకదానితో పక్కపక్కన పెట్టి చూడలేదు. పేజీ నిండగానే కింద దొర రాజముద్ర వేయించేవాడు. ఐదు రోజుల్లో ఊరంతా అయిపోయింది.

అమావాస్య మధ్యాహ్నం దొర వచ్చాడు. అందరికంటే చివర, జనం అందరూ చూస్తుండగా ముద్ర వెయ్యాలని ఆయన కోరిక. వేశాడు. కాగితం ఎత్తగానే, ఊళ్ళోవాళ్ళ గీతలకూ నా గీతలకూ తేడా అందరికీ చూపించు అన్నాడు. గుమాస్తా ఉత్సాహంగా ఏదో ఒక పేజీ తీసి పక్కన పెట్టాడు. అది చేపలామె పేజీ.

రెండూ ఒకటే.

గుమాస్తా ఇంకో పేజీ తీశాడు. ఇంకోటి తీశాడు. తర్వాత వరసగా తిప్పడం మొదలుపెట్టాడు. కోమటి గీతలు, కమ్మరి గీతలు, తోడికోడళ్ళ గీతలు, తన సొంత గీతలు, దొర గీతలు. వంకర వంకరలో, సందు సందులో తేడా లేదు. పుస్తకం చివరిదాకా ఒకే ముద్ర.

జనంలో గుసగుసలు లేచాయి. మేస్త్రి మెడ సాచి చూశాడు. చూసి, తనకు తెలియకుండానే నోరు జారాడు. ఆ వంపు నాకు తెలుసు అన్నాడు. సానపట్టేవాళ్ళందరూ పలకను కుడికి తిప్పుతారు, ఎడమకు తిప్పే చెయ్యి ఈ ఊళ్ళో ఒక్కటే ఉంది అన్నాడు.

పుస్తకం కాల్చెయ్యి అన్నాడు దొర పళ్ళ సందులోంచి. గుమాస్తా చెవి దగ్గరికి వంగి, ప్రతి పేజీ కిందా తమ రాజముద్ర ఉంది, మొదటిసారి కాలిస్తే నా తప్పు అనుకున్నారు, రెండోసారి కాలిస్తే ఎవరి తప్పు అనుకుంటారో అన్నాడు. దొర ఆలోచించాడు. పొద్దు వాలుతోంది. డప్పు మోగేలోగా పలక బాగుపడితే, తనదైనా ఒక ముద్ర సరిగ్గా వేయించుకోవచ్చు. పలక తీసుకుని కార్ఖానాకు నడిచాడు. వెనక గుమాస్తా పుస్తకం, చీటీ పట్టుకుని నడిచాడు. ఆ వెనక ఊరు నడిచింది.

చక్రాలామె బట్టల మూట కట్టుకుంటోంది. రెండు చీరలు, ఒక గిన్నె, దువ్వెన. పదహారేళ్ళకు మూట ఇంతేనా అని దాన్నే చూస్తూ కూచుని ఉంది. గుమ్మంలో వెలుగు తగ్గితే తలెత్తింది. దొరను అంత దగ్గరగా ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఈ పలక బాగుచెయ్యి," అన్నాడు దొర.

ఆమె లేవలేదు. "ఎవర్ని చెయ్యమంటున్నారు?"

"నిన్నే."

"నేను లేను కదా. మీ చీటీలో అతికించి మరీ ఉంది."

ఆ మాట మెల్లగానే అంది. కానీ రోజుల తరబడి కాగిన మాట అది, గది గోడలు వెచ్చబడ్డట్టు అనిపించింది. దొర విసుగ్గా, ఆ చీటీలోంచి ఈమెను తీసెయ్ అన్నాడు గుమాస్తాతో. గుమాస్తా ఇబ్బందిగా కదిలాడు. తియ్యాలంటే ముందు ఆమె పుస్తకంలో ఉన్నట్టు చూపాలి, అది తమరు పెట్టిన నియమమే అన్నాడు.

"పుస్తకంలో ఉందా?"

"ఉంది దొరా. నిజానికి ఆమె తప్ప ఎవరూ లేరు. ఒకే గీతలుంటే అదంతా ఒకే మనిషి అని తమరే రాయించారు."

"మరి నేనో?"

గుమాస్తా నేల చూపులు చూశాడు. "తమరు కూడా ఈమే, దొరా."

గుమ్మం దగ్గర ఎవరో ఫక్కుమని, వెంటనే నోరు మూసుకున్నారు. దొర మొహం కందిపోయింది. నేను ఈమెను ఎలా అవుతాను అన్నాడు. గుమాస్తా చేతులు కట్టుకుని, కాకపోతే తమరు పుస్తకంలో లేనట్టు లెక్క అన్నాడు. లేనివాళ్ళు డప్పు మోగేలోగా ఏం చెయ్యాలో ఆయన చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది. గుమ్మం నిండా ఉన్న జనం దొర నోటివైపే చూస్తున్నారు, ఆయన ఏది అంటే అది తమకూ వర్తిస్తుందని వాళ్ళకు అప్పుడే తట్టింది.

చక్రాలామె లేచింది. నవ్వలేదు. పలక అందుకుని ఏటవాలుగా వెలుగులో పట్టి చూసింది. తన చేతి వంపులన్నీ ఆరిపోయి, మసి పట్టి, తేటగా కనపడుతున్నాయి. ఇలా కనపడకుండా చెయ్యడానికే పదహారేళ్ళు కష్టపడింది. ఎంత బాగా చేస్తే అంత కనపడకుండా పోయేది.

పలక మీద మైనం పెన్సిలుతో గళ్ళు గీసింది. రెండో చక్రం మీద సన్న ఇసుక పోసింది. నీళ్ళు వదిలింది. పీట మీద ఇసుక దులిపి పక్కకు జరిగింది.

"ఉన్నది నేనొక్కదాన్నే అయితే, తమరు నేనే అయితే, ఈ పని తమదే," అంది. "కూచోండి."

దొర గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా పుస్తకం వైపు చూశాడు. మేస్త్రి ఎందుకో చొక్కా చేతులు పైకి మడుచుకోవడం మొదలుపెట్టాడు. గుమ్మంలో ముందున్న చేపలామె బుట్ట కింద పెట్టి, తన రెండు బొటనవేళ్ళూ తిప్పి తిప్పి చూసుకుంది.

దొర కూచున్నాడు. కూచుంటే ఆయన మోకాళ్ళు చక్రం బల్లకు తగిలాయి. పలకను బోర్లించి, బొటనవేళ్ళు రెండూ గట్టిగా ఆనించమని ఆమె చెప్పింది. నీళ్ళు ఆగకూడదంది. గళ్ళన్నీ ఒకేసారి చెరిగేదాకా లేవకూడదంది. ఆయన కాలితో చక్రం తొక్కాడు. ఒక చుట్టు తిరిగేసరికి ఇసుక వేళ్ళను కొరికింది. చురుక్కుమని చేతులు వెనక్కి లాక్కున్నాడు.

దూరంగా పొలిమేరలో డప్పు మోగింది. కార్ఖానాలోనూ వీధిలోనూ ఒక్కరూ కదల్లేదు. ఎవరు వెళ్ళాలో, ఎవరు ఉండాలో ఎవరికీ తెలియలేదు.

చక్రాలామె పలకను తిరిగి చక్రం మీద పెట్టింది. ఆయన వేళ్ళు పట్టుకుని, ఎక్కడ ఆనించాలో అక్కడ ఆనించింది.

"మళ్ళీ," అంది.